మావాడు కారు కడతాడట!

ఈ శీర్షిక క్రమం తప్పకుండా చదివేవాళ్లకి తెలుసు... మనం ఇప్పటిదాకా కుట్టుమిషనూ, నీళ్ల మోటారూ, మిక్సీ దాటి పైకి వెళ్లలేదు. ఇంట్లో మనిషి తన చేతులతో బాగుచేసుకోగలిగినవే చెప్పుకుంటూ వచ్చాం. అలాంటిది మొన్న ఎండాకాలంలో చిల్లకూరు నుంచి మా అక్క ఫోను చేసింది. ‘‘తమ్ముడా, మీ అల్లుడు కారు కడతాడంట. నువ్వొచ్చి ఒక మాట చెప్పిపో’’ అంది. కొంటాడేమో, అక్క తడబడిందేమో అనుకున్నా. ‘‘కొనేది కాదురా, కట్టేదంట! గొడ్ల చావిడి ఖాళీ చేయించాడు. మీ బావ రెండు బర్రెల్ని అమ్మి డబ్బు వాడి చేతిలో పెట్టాడు’’ అని ఫోను పెట్టేసింది.

బర్రెల మాట వినగానే సంగతి తమాషా కాదని అర్థమైంది. ఆదివారం రైలెక్కి గూడూరులో దిగాను. అక్కణ్నుంచి చిల్లకూరు ఎంతో దూరం లేదు. హైవే మీద టార్పాలిన్లు కప్పుకుని సిలికా ఇసుక లారీలు వరసగా పోతున్నాయి. ఆ ఇసుకతో ఈ కథకి సంబంధం ఉంది. తర్వాత చెబుతాను.

చావిడిలో గడ్డి వాసన ఇంకా పోలేదు. మధ్యలో ఇటుకల మీద నిలబెట్టిన పాత మారుతి 800. చక్రాలు ఓ మూల, సీట్లు ఇంకో మూల. గోడ మీద బొగ్గుతో గీసిన బొమ్మ ఉంది. పొడవాటి ముక్కు, బయటికి పొడుచుకొచ్చిన ముందు చక్రాలు, తలుపుల్లేవు, పైకప్పు లేదు, ఇద్దరే కూర్చోవాలి. మావాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఆఖరి సంవత్సరం. ‘‘రూఫు కోసేస్తే సగం పనైపోయినట్టే మామా. మిగతాదంతా బాడీ వర్కూ, పెయింటే’’ అన్నాడు, చేతిలో కోత మిషను పట్టుకుని. ‘‘ముందు అది కింద పెట్టరా’’ అన్నాను.

వాడు గీసిన బొమ్మ ఎక్కడిదో గుర్తుపట్టాను. అది బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్. కిట్ కార్లన్నిటికీ పెద్దన్న లాంటిది. అప్పట్లో అక్కడ తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను వాత పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. దాంతో లోటస్ యజమాని కోలిన్ చాప్‌మన్ కారుని పెట్టెల్లో పెట్టి అమ్మాడు. బిగించే విధానం రాసిన కాగితం జతచేస్తే పన్ను పడుతుందని, ఊడదీసే విధానం రాసిచ్చాడనీ, కొన్నవాళ్లు దాన్ని కింది నుంచి పైకి చదువుకుని బిగించుకున్నారనీ ఓ కథ చెప్పుకుంటారు. తరవాత 1973లో ఆ మోడల్ హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్లాయి. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాస్తే, షెడ్డున్న ప్రతివాడూ ఓ వెల్డింగు మిషను కొన్నాడట!

మనవాళ్లు తక్కువేం తినలేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో, జూపార్కుకి దగ్గర్లో సుధా కార్స్ మ్యూజియం చూసే ఉంటారు. దాన్ని పెట్టిన కె.సుధాకర్ స్కూలు రోజుల నుంచే తుక్కు సామాను పోగేసి బళ్లు కట్టిన మనిషి. క్రికెట్ బ్యాటు కారు, బర్గర్ కారు, కెమెరా కారు, వంకాయ కారు, హైహీల్ చెప్పు కారు... అన్నీ నడిచేవే. 2005 జులై 1న ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. ఒక్కో చక్రమే 17 అడుగులు! గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2010లో మ్యూజియం తెరిచారు. మావాడు ఎనిమిదో తరగతి విహారయాత్రలో చూశాడట. విత్తనం అక్కడ పడిందన్నమాట. కాకపోతే అవి చూసి ఆనందించడానికి కట్టిన బళ్లు. వాటిలో ఎక్కి ఎవరూ రోజూ ఆఫీసుకి వెళ్లరు. మావాడేమో ఈ కారులో నెల్లూరు దాకా పోతానంటున్నాడు.

అగ్గిపెట్టె పాఠం

పైకప్పు కోస్తే ఏమవుతుందో వాడికి చెప్పడానికి జేబులోంచి అగ్గిపెట్టె తీశాను. (సిగరెట్టు మానేసి మూడేళ్లయింది, అగ్గిపెట్టె అలవాటు పోలేదు.) లోపలి అర లాగేసి, పై తొడుగులో ఒక వైపు కత్తిరించి మెలితిప్పాను. తాటాకులా వంగిపోయింది. మారుతి 800 కూడా అంతే. దానికి లారీకో, పాత జీపుకో ఉన్నట్టు అడుగున విడిగా ఛాసిస్ ఉండదు. నేల, పక్కలు, స్తంభాలు, పైకప్పు... అన్నీ కలిసి ఒకే పెట్టెగా బరువు మోస్తాయి. పైకప్పు తీసేస్తే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తలుపులు పట్టేస్తాయి. గుంతల్లో కొన్నాళ్లు తిరిగితే నడుం విరుగుతుంది. అంబాసిడరూ, పాత ఫియట్టూ కూడా ఆ బాపతే.

కిట్ కార్లు పుట్టిన చోట ఈ చిక్కుని రెండు రకాలుగా దాటారు. ఒకటి, ఇనప గొట్టాలతో పంజరంలాంటి ఛాసిస్ కొత్తగా వెల్డింగ్ చేసుకోవడం. రెండోది, నేల పలక విడిగా వచ్చే కారుని ఎంచుకోవడం. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అలాంటిది. పైన డొప్ప విప్పేస్తే నేలా, ఇంజినూ, చక్రాలూ మిగులుతాయి. అమెరికాలో బ్రూస్ మేయర్స్ 1964లో మొదలుపెట్టిన ఇసుకదిబ్బల బగ్గీకి తరవాత ఆ నేల పలకే ఆధారమైంది. మన దేశంలో హరియాణాలోని మండీ డబ్వాలీ వాళ్లు ఏళ్ల తరబడి జీపులు కట్టగలిగిందీ ఇందుకే. జీపుకి ఛాసిస్ వేరు, డొక్కు వేరు.

ఇంకో మెలిక కూడా ఉంది. మావాడి బొమ్మలో పొడుగు ముక్కు, వెనక చక్రాల లాగుడు. మారుతి 800లో ఇంజిను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలనే తిప్పుతుంది. అదే 796 సీసీ ఇంజిను ఓమ్నీలో అయితే నిలువుగా ఉండి వెనక చక్రాలని తిప్పుతుంది. ఈ మాట చెప్పేసరికి మావాడు గోడ మీద బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. ‘‘అంటే నేను తప్పు బండి కొన్నానా మామా?’’ అన్నాడు. బర్రెల డబ్బులో ఎంత పోయిందని అడగబోయి ఊరుకున్నాను. గుమ్మం దగ్గర బావ నిలబడున్నాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. అక్కే ఆయన మాటలు కూడా కలిపి మాట్లాడేస్తుంది.

ఇసుక, కాకిబంగారం

సరే, డొప్ప సంగతేంటి? ఇళ్లల్లో కట్టుకునే కార్లకి ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ వాడతారు. రేకుని వంపులు తిప్పే ప్రెస్సులు ఇంట్లో ఉండవు కదా! 1953లో షెవర్లే కార్వెట్ ఫైబర్ ఒంటితో వచ్చింది. మొదటి ఏడాది కట్టినవి 300. మన దేశంలో 1980ల్లో బెంగళూరు సిపానీ వాళ్ల డాల్ఫిన్, 1998లో వచ్చిన రెండు సీట్ల శాన్ స్టార్మ్ కూడా ఫైబర్ డొప్ప కార్లే. తుప్పు పట్టదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది చిన్న సుఖం కాదు. చిల్లకూరు చుట్టుపక్కల నాలుగేళ్లు బయట నిలబెట్టిన ఏ బండి రన్నింగ్ బోర్డు అయినా సరే, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, తెలుస్తుంది.

ఇందాకటి ఇసుక లారీలు గుర్తున్నాయా? ఫైబర్‌గ్లాస్‌లో పోగు గాజుదే. ఆ గాజులో సగానికి పైగా సిలికా. గూడూరు, చిల్లకూరు, కోట మండలాల తెల్ల ఇసుక గాజు పరిశ్రమకి పేరుపడిన సరుకు. ఈ పని నేర్పే గురువులు కూడా దగ్గర్లోనే ఉన్నారు. 2004 సునామీ తరవాత మన తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. వాటికి పగుళ్లు వస్తే ఒడ్డునే మ్యాట్ పరిచి, రెజిన్ పూసి అతుకులేసే పనివాళ్లు ఉంటారు. మావాణ్ని అలాంటి ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం.

ఆయన పావుగంటలో చెప్పింది నాకు ఏ పుస్తకంలోనూ అంత తేలిగ్గా దొరకలేదు. ముందు ఆకారం చేసుకోవాలి. థర్మోకోలో, ప్లాస్టరో ఏదైనా సరే. దాన్ని అద్దంలా తోమి మైనం పట్టించి, దాని మీద అచ్చు తీయాలి. అచ్చుకి మళ్లీ మైనం, ఆపైన జెల్‌కోటు, ఆపైన మ్యాట్ మీద మ్యాట్. గాలి బుడగ మిగిలితే అక్కడే పగులుతుంది కాబట్టి రోలర్‌తో తరిమేయాలి. కిలో రెజిన్‌కి హార్డెనర్ పది నుంచి ఇరవై గ్రాములు. ‘‘మే నెల ఎండల్లో ఇరవై వేశావంటే డబ్బాలోనే రాయైపోద్ది నాయనా, చెయ్యి కాలుద్ది’’ అన్నాడు. ఒక హెచ్చరిక మాత్రం మూడుసార్లు చెప్పాడు. కోబాల్ట్, హార్డెనర్ ఎప్పుడూ ఒకదాంతో ఒకటి నేరుగా కలపకూడదు. భగ్గుమంటాయి, పేలతాయి కూడా. కోబాల్ట్ ముందు రెజిన్‌లో కలిశాకే హార్డెనర్ వేయాలి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లజోడు లేకుండా ఆ సీసా మూత తీయొద్దు.

ఇక రంగు. మావాడి అసలు మోజంతా దీని మీదే. డబ్బా తెచ్చి గన్నులో పోసి కొట్టడమే అనుకున్నాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. డిగ్రీ రోజుల్లో నాన్న చేతక్ స్కూటరుకి దీపావళి ముందు రోజు రంగు వేశాను. పొద్దున్నకి ఆ రంగు కొవ్వొత్తి మైనంలా కిందికి కారి గడ్డకట్టింది. నాన్న ఏమీ అనలేదు. ఆ స్కూటరు మీదే మరో ఆరేళ్లు ఆఫీసుకి వెళ్లాడు. ఆ బొట్లు ఇప్పటికీ నాకు కలలో కనపడతాయి.

గూడూరులో పాతకాలం టింకరింగ్ మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన లెక్కలో రంగు వేయడం పదోవంతు పని. తొమ్మిది వంతులు దాని కింద ఉంటుంది. తుప్పు పట్టిన చోట పైన పుట్టీ మెత్తితే ఆరు నెలల్లో బుడగలు లేస్తాయి. ఆ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాల్సిందే. సొట్టని బయట సుత్తితో, లోపల డాలీతో తట్టి దాదాపు చదును చేశాకే పుట్టీ. అదీ పల్చగా. ఎండాక మోటు ఎమరీతో మొదలుపెట్టి నున్నటి దాంట్లోకి రావాలి. చేత్తో నేరుగా తోమితే వేళ్ల గాళ్లు పడతాయి కాబట్టి ఎమరీ కింద చెక్క ముక్క పెట్టుకోవాలి. ఆపైన ప్రైమరు. ప్రైమరు మీద నల్లరంగు దుమ్ములా చల్లి నీళ్లతో 400, 600 నంబరు కాగితాలు రుద్దితే, నలుపు పోని చోటల్లా పల్లం ఉన్నట్టు.

కన్ను కన్నా చెయ్యి నయమట. అరచేతికీ రేకుకీ మధ్య పల్చటి నూలుగుడ్డ పెట్టి, కళ్లు మూసుకుని నిమరమన్నాడు మేస్త్రి. నేను నిమిరాను. నాకేమీ తెలియలేదు. మావాడు నిమిరి ‘‘ఇక్కడ’’ అన్నాడు. మేస్త్రి సుద్దముక్కతో అక్కడే సున్నా చుట్టాడు. నేను ఒప్పుకోక తప్పలేదు, పిల్లాడి చేతిలో ఏదో ఉంది.

గన్ను పట్టుకునే తీరు వేరే. రేకుకి జానెడు కంటే కాస్త దగ్గరగా, నేరుగా. మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదలాలి. ప్రతి పట్టీ ముందు పట్టీని సగం కప్పాలి. ఒకేసారి మందంగా కొడితే మా నాన్న స్కూటరే. మన దగ్గర స్ప్రే రంగుని ఇప్పటికీ చాలామంది డ్యూకో అనే అంటారు కదా! అది 1920ల్లో అమెరికా డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన రంగు పేరు. అంతకుముందు కార్లకి కుంచెతో వార్నిష్ పూతలు పూసి వారాల తరబడి ఆరబెట్టేవారు. ఇది గంటల్లో ఆరిపోయింది. కార్లకి రంగురంగుల రోజులు అలా వచ్చాయి.

మరి ఆ మెరుపుల రంగులో తళుకు ఏమిటో తెలుసా? ముత్యపు ఛాయ కనిపించే చాలా రంగుల్లో ఉండేది అభ్రకం పొడి. దానికి టైటానియం డయాక్సైడ్ పల్చగా పట్టిస్తే వెలుగు అలా విరుగుతుంది. అభ్రకం అంటే మన కాకిబంగారం. గూడూరు పేరు దేశమంతా తెలిసింది మైకా గనులతోనే. ఇది చెప్పగానే మావాడు లేచి, వాళ్ల జేజి దాచుకున్న కాకిబంగారం రేకులు రోట్లో వేసి దంచుతానన్నాడు. వద్దని కూర్చోబెట్టాం.

ఇప్పటి రెండు డబ్బాల రంగుల్లో, క్లియర్ కోటులో కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఇది మాత్రం ఇంట్లో వాళ్లందరూ వినాలి. జేబురుమాలు కట్టుకుంటే అవి ఆగవు. మామూలు గుడ్డ మాస్కు అడ్డుకోదు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తరవాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం పట్టుకుంటుంది. వంటింటి పక్కన, పసిపిల్లలున్న ఇంట్లో ఆ పని పెట్టుకోకూడదు. థిన్నర్ ఆవిరికి పొయ్యి మంట తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అక్క ఆ మాట విని వెంటనే చావిడి గోడ అవతల ఉన్న కట్టెల పొయ్యి ఎత్తించేసింది.

హైవే పదడుగుల్లో ఉన్నా...

అన్నీ చెప్పి, చెప్పలేకపోయిన మాట రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ‘‘నువ్వు కట్టిన కారు ఈ హైవే ఎక్కదురా.’’

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని రాశారు. కొత్తగా కట్టిన మోడల్ అయితే పుణెలోని ఏఆర్ఏఐలాంటి సంస్థల పరీక్షలన్నీ నెగ్గాలి. వేల కార్లు అమ్మే కంపెనీ భరించగలిగిన ఖర్చు అది. ఒక్క కారు కట్టుకున్న మనిషి కోసం బ్రిటన్‌లో 1998 నుంచీ విడిగా ఓ పరీక్ష ఉంది. బ్రేకులూ, లైట్లూ, సీటు బెల్టు కొక్కేలూ చూసి, బాగుంటే నంబరు ఇస్తారు. మన దగ్గర అలాంటి సులువైన దారి లేదు. ఉండాలని నా అభిప్రాయం. అయితే ఏ బ్రేకు ఎవడు బిగించాడో తెలియని బండి స్కూలు పిల్లల పక్క నుంచి పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, నాతో సహా.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో దత్తాత్రేయ లోహార్ అనే కమ్మరి సుమారు 60 వేల రూపాయలతో, తుక్కు సామానుతో చిన్న జీపు కట్టాడు. కిక్ కొడితే స్టార్టయ్యేది. 2021 డిసెంబరులో ఆ వీడియో చూసి ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నారు. నిబంధనల ప్రకారం అధికారులు దాన్ని ఎలాగూ ఆపేస్తారు కాబట్టి, తనకిచ్చి బొలేరో తీసుకోమన్నారు. తరవాతి నెలలో అలాగే జరిగింది. ఈ కథ చెబితే మావాడు సంబరపడలేదు. ‘‘అంటే ఆయన కట్టిన బండి ఆయన దగ్గర లేదా మామా?’’ అన్నాడు. నాకు జవాబు రాలేదు.

ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి తేలిందేమిటంటే... మారుతి పైకప్పు కోయడం లేదు. ఆ బండిని దాని ఆకారంలోనే బాగుచేసి, ఫిట్‌నెస్ చేయించి, ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి. రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో ఎక్కించుకుంటే సరిపోతుంది. కట్టాలన్న కోరిక తీరడానికి వేరే దారి ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థులు గొట్టాల ఛాసిస్‌తో సొంతంగా బగ్గీ కట్టి పోటీపడే బాజా పోటీలు మన దేశంలో 2007 నుంచీ జరుగుతున్నాయి. రోడ్డు మీద కాదు, మట్టి ట్రాకు మీద. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్‌లో చేరితే ఆ గుమ్మం తెరుచుకుంటుంది. అప్పటిదాకా సామాను కావాలంటే 140 కిలోమీటర్లలో చెన్నై పుదుపేట ఉండనే ఉంది. ‘‘రైలు ఛార్జీ నేనిస్తాలే’’ అన్నాను, మేనమామని కదా!

ఇది జరిగి అయిదు నెలలయింది. పోయిన వారం మళ్లీ వెళ్లాను. అక్టోబరు వానలు మొదలయ్యాయి. మారుతి నాలుగు చక్రాల మీద నిలబడింది. ఒళ్లంతా నీలంరంగు తళుకు, బానెట్ మాత్రం బూడిదరంగు ప్రైమరుతో ఉంది. వాన పట్టిన రోజున రంగు కొట్టాడట. థిన్నర్ ఆవిరైపోయేటప్పుడు రేకు చల్లబడి గాల్లో తేమని పట్టేసుకుంటుంది. పొద్దున్నకి బానెట్ మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక. మొత్తం తోమేసి మళ్లీ ప్రైమరు దగ్గరికొచ్చాడు. ‘‘మూడోసారి ఇది. అన్నానికి పిలిస్తే రాడు’’ అంది అక్క.

రాత్రి పదింటికి మంచినీళ్ల కోసం లేస్తే చావిడిలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. మావాడు కాదు, బావ. భుజం మీది తువ్వాలు తీసి బానెట్ మీద పరిచి, కళ్లు మూసుకుని అరచేత్తో నిమురుతున్నాడు. నన్ను చూసి కాస్త సిగ్గుపడ్డాడు. తరవాత వేలు పెట్టి చూపించాడు.

‘‘ఈడ ఇంకా పల్లముందబ్బాయ్. పొద్దున్నే వాడికి చెప్పాల.’’